బొమ్మ కింద కెమెరా పేరు ఎందుకు?

సంపాదక మహాశయా,

పాఠకులు పంపిన ఛాయాచిత్రాలకు మీ ఆదివారం సంచికలో కేటాయిస్తున్న పేజీని నేను చాలా కాలంగా క్రమం తప్పకుండా చూస్తున్నాను. కొన్ని నెలలుగా ప్రతి బొమ్మ కిందా తీసినవారి పేరుతో పాటు కెమెరా పేరు, లెన్సు పేరు, షట్టర్ వేగం వంటి అంకెలు కూడా అచ్చవుతున్నాయి. గత వారం పొగమంచులో వంతెన మీద ఒంటరిగా నడిచిపోతున్న మనిషి బొమ్మ వేశారు. నిజంగా మంచి బొమ్మ. దాన్ని పట్టుకుని నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఈ కెమెరా కొంటే నాకూ ఇలా వస్తుందా?" అని. ఆ మంచు ఏ వేళకు దట్టంగా ఉంటుందో, ఆ మనిషి వంతెన మధ్యకు వచ్చేదాకా తీసినవారు ఎంతసేపు ఆగారో అతనికి తట్టలేదు. ఇందులో అతని తప్పు పెద్దగా లేదు. బొమ్మ కింద మనం ఏది రాస్తే, ఆ బొమ్మ అంత బాగా రావడానికి అదే కారణమని చదివేవారు అనుకుంటారు.

ఇరవై ఏళ్లకు పైగా ఫొటోలు తీస్తూ, కొంతకాలంగా నేర్పుతూ కూడా ఉన్నవాణ్ణి కనుక, "కెమెరాదేముంది, అంతా తీసేవాడి చేతిలోనే ఉంది" అనే మాటను బలపరచడానికే ఈ ఉత్తరం రాస్తున్నానని మీరు అనుకోవచ్చు. కాదు. ఆ మాటలోనూ సగమే నిజం ఉంది. పైగా అది ఎక్కువగా ఖరీదైన కెమెరాలు భుజాన వేసుకున్నవారి నోటనే వినిపిస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను మా వృత్తిలో ఒకరి మీద ఒకరం తరచూ ప్రయోగించుకుంటాం. అయితే మద్దెల నిజంగానే ఓటిదైన సందర్భాలూ ఉంటాయని ముందుగా ఒప్పుకోవాలి.

మసక వెలుతురులో వేదిక మీద నృత్యం జరుగుతోందనుకుందాం. జూమ్ చేసినప్పుడు ఎఫ్ 5.6కు మించి తెరుచుకోని (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకున్నట్టు) మామూలు లెన్సుతో తీస్తున్నవారు, వెలుతురును పట్టే సున్నితత్వాన్ని సూచించే ఐఎస్ఓ అంకెను 3200 పెట్టుకున్నా, షట్టర్ వేగం సెకనులో 60వ వంతు దగ్గరే ఆగిపోవలసి రావచ్చు. పక్కనే ఎఫ్ 2.8 లెన్సుతో నిలబడినవారికి నాలుగు రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది కాబట్టి, అదే ఐఎస్ఓ మీద వారు 250వ వంతు దాకా వెళ్లగలరు. 60వ వంతులో తిరుగుతున్న చెయ్యి పొగలా సాగిపోతుంది, 250వ వంతులో వేళ్లు విడివిడిగా కనబడతాయి. కెమెరా లోపల వెలుతురును పట్టుకునే పలక, అంటే సెన్సార్ సంగతీ ఇంతే. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు కాగా, చాలా ఫోన్లలో ఉండేది అందులో పదో వంతు కూడా కాదు. ఫోన్ వరుసగా అనేక ఫ్రేములు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి ఈ లోటును చాలావరకు కప్పిపుచ్చుతుంది. కానీ కదులుతున్న మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆ ఉపాయం తడబడుతుంది.

ఇంకా ముందుకు వెళితే, పరికరం లేకుండా బొమ్మే లేని చోట్లు ఉన్నాయి. అమెరికాకు చెందిన హెరాల్డ్ ఎడ్గర్టన్ 1957లో పాలచుక్క పడి కిరీటంలా లేచిన క్షణాన్ని రంగుల్లో తీశారు. 1964లో ఆపిల్ పండును చీల్చుకుని బయటకు వస్తున్న తుపాకీ గుండును తీశారు. మైక్రోసెకన్లలో వెలిగి ఆరిపోయే ఫ్లాష్ లేకపోతే, ఎంతటి కంటికైనా ఆ రెండూ కనబడవు. కనబడనిదాని కోసం కాచుకుని కూర్చోవడమూ కుదరదు. ఆయన విద్యుత్ ఇంజనీరు కనుక ఆ ఫ్లాష్‌ను తానే రూపొందించుకున్నారన్నది వేరే విషయం. దూరాన ఎగిరే పక్షులను తీసేవారికి 500 మిల్లీమీటర్ల లెన్సు ఆడంబరం కాదు, అవసరం. ఇలాంటివారికి పరికరం ముఖ్యం కాదని ఉపదేశించడం అన్యాయం.

అయితే నా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చేవారి బొమ్మల్లో చెడిపోయినవాటిని తిరగేసినప్పుడు, పరికరం హద్దు దగ్గర చెడినవి బహు తక్కువగా కనిపిస్తాయి. తల వెనక నుంచి కరెంటు స్తంభం మొలిచినట్టు ఉన్న బొమ్మలు, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీయడం వల్ల కళ్ల స్థానంలో రెండు నల్లటి గుంటలు మిగిలిన ముఖాలు, నాలుగడుగులు ముందుకు వేయడానికి మొహమాటపడి దూరం నుంచే తీసేసిన గుంపులు, ఇవే దొంతరలు దొంతరలుగా ఉంటాయి. వీటికి కొత్త కెమెరా మందు కాదు. పాత కెమెరాలో కాస్త మసకగా ఉన్న స్తంభం కొత్త కెమెరాలో మేకులతో సహా స్పష్టంగా వస్తుంది, అంతే తేడా. మెగాపిక్సెళ్ల మోజు కూడా ఇలాంటిదే. 24 మెగాపిక్సెళ్ల, అంటే రెండు కోట్ల నలభై లక్షల చుక్కల బొమ్మలో 6000 నిలువు వరుసలు, 4000 అడ్డ వరుసలు ఉంటాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేసినా అది 20 అంగుళాల పొడవుకు సరిపోతుంది. మీ పత్రికలో అర పేజీ నింపే బొమ్మకు అందులో నాలుగో వంతు చాలు. అయినా ఇంతకు రెట్టింపు కావాలని అడిగేవారు వస్తూనే ఉంటారు. పొడవులోనూ వెడల్పులోనూ వివరం రెట్టింపు కావాలంటే పిక్సెళ్లు రెట్టింపైతే చాలదని, నాలుగు రెట్లు కావాలని చెబితే కొందరు నిరాశపడతారు.

లెన్సు మీద వేసే నిందల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఫోన్‌తో దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తున్నాయని, కాబట్టి ఫోన్ లెన్సు ముఖాన్ని వికారం చేస్తోందని చాలామంది నమ్ముతారు. ముఖంలోని పాళ్లను నిర్ణయించేది లెన్సు కాదు, దూరం. అడుగు దూరం నుంచి చూస్తే ముక్కుకూ చెవికీ మధ్య ఉన్న నాలుగైదు అంగుళాల తేడా చాలా పెద్ద తేడా, ఆరడుగుల దూరం నుంచి చూస్తే అది లెక్కలోకి రాదు. అదే ఫోన్‌తో ఆరడుగులు వెనక్కి జరిగి తీసి, ముఖం ఉన్న భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తే, ఆ చోటి నుంచే పొడవాటి లెన్సుతో తీసిన ముఖంలో ఉన్న పాళ్లే కనిపిస్తాయి. స్పష్టత తగ్గుతుంది, వెనక ఉన్నది మసకబారదు, అది నిజమే. అయితే ముక్కు మాత్రం ముక్కులాగే ఉంటుంది. దీనికి కావలసింది నాలుగు అడుగుల జ్ఞానం.

నా తరగతిలో ఏటా చేయించే ఒక అభ్యాసం గురించి చెప్పనివ్వండి. ఒక గది, ఒక కిటికీ, ఒక కుర్చీ, అందులో మా శిక్షణాలయం కాపలా చూసే పెద్దాయన. అందరికీ ఒకటే పాత కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, ఒక్కొక్కరికి మూడే ఫ్రేములు. ఒకసారి పన్నెండు మంది ఉన్నారు. మొదట వచ్చినవారిలో చాలామంది కిటికీకి వీపు పెట్టి నిలబడి, ఆయన ముఖం మీద వెలుతురు నేరుగా, చదునుగా పడుతుండగా తీశారు. ఇద్దరు ఆయన్ను నవ్వమన్నారు. ఆయన పాపం ఆరుసార్లు నవ్వారు. తొమ్మిదో వరుసలో వచ్చిన ఒక అమ్మాయి అంతవరకు ఫోన్ తప్ప వేరే కెమెరా పట్టి ఎరగదు. "బాబాయ్, కుర్చీ కొంచెం ఇటు జరుపుకుంటారా?" అని అడిగి, కిటికీకి రెండు బారల దూరంలో, వెలుతురు ఒక చెంప మీదుగా జారి రెండో చెంపను నీడలో వదిలేలా కూర్చోబెట్టింది. తరువాత కెమెరా కిందికి దించి, రాత్రిపూట నిద్ర ఆపుకోవడం కష్టం కాదా అని మాటల్లో పెట్టింది. ఆయన జవాబు చెబుతూ కళ్లజోడు తీసి, కళ్లు నులుముకుని, చేతిలోని కళ్లజోడు వంక ఒక్క క్షణం చూస్తూ ఉండిపోయారు. ఆ క్షణంలో ఆమె షట్టర్ నొక్కింది. రెండో ఫ్రేము, మూడో ఫ్రేము తీయకుండానే కెమెరా తిరిగి ఇచ్చేసింది.

ఆ రోజు తీసిన ముప్పై నాలుగు బొమ్మల్లో అదే మంచిదని అందరం ఒప్పుకున్నాం. అయితే పెద్ద తెర మీద వేసి చూస్తే ఫోకస్ ఆయన కంటి మీద కాకుండా చెవి మీద నిలిచి ఉంది. చేత్తో లెన్సు తిప్పి ఫోకస్ చేయవలసిన ఆ పాత కెమెరాలో ఆ పొరపాటు సహజం. కంటిని తానే వెతికి పట్టుకునే నేటి కెమెరా ఆమె చేతిలో ఉండి ఉంటే ఆ బొమ్మ ఏ లోపమూ లేకుండా వచ్చేది. మిగిలిన పదకొండు మందికి అదే కెమెరా ఇచ్చి ఉంటే, వారి చదునైన ముఖాల్లో కళ్లు మరింత చురుగ్గా వచ్చేవి. ఈ రెండు వాక్యాలూ ఒకే రోజున నిజమయ్యాయి కాబట్టే, నైపుణ్యమా పరికరమా అని తక్కెడలో పెట్టి తూచే చర్చలంటే నాకు విసుగు పుట్టింది.

నా ఉద్దేశంలో మనం నైపుణ్యం అని ఒకే మాటతో పిలుస్తున్నది నిజానికి రెండు వేర్వేరు పనులు. ఒకటి కొలిచే పని: వెలుతురు ఎంత ఉంది, దూరం ఎంత, వేగం ఎంత పెట్టాలి. రెండోది ఎంచుకునే పని: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి, దేన్ని ఫ్రేము బయట వదిలేయాలి. మొదటి పనిని కెమెరా ఒక్కొక్క విడతలో తనలోకి లాక్కుంటూ వచ్చింది. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరా నూరు బొమ్మల రీలుతో వచ్చి, కడగడం, అచ్చువేయడం వంటి చాకిరీని వాడేవారి నెత్తి మీద నుంచి దించింది. 1977లో కొనికా, తానే ఫోకస్ చేసుకునే కెమెరాను మామూలు వినియోగదారుల చేతికి ఇచ్చింది. 1985లో మినోల్టా 7000 ఆ సదుపాయాన్ని లెన్సులు మార్చుకునే కెమెరా శరీరంలోనే అమర్చింది. ఇప్పుడు కన్ను ఎక్కడుందో కూడా యంత్రమే చెబుతోంది. నా తరం వారు ఎండను చూసి ఎక్స్‌పోజర్ (ఫిల్ము మీద ఎంత వెలుతురు పడనివ్వాలో) చెప్పగలగడాన్ని ఒక విద్యగా భావించుకుని గర్వపడేవారు. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఫిల్ము ఐఎస్ఓ అంకె ఎంతో షట్టర్‌ను సెకనులో అన్నో వంతుకు పెట్టడమనే సూత్రాన్ని మంత్రంలా వల్లించేవాళ్లం. ఈనాటి పిల్లలకు అది రాదని వాపోవడంలో నాకు అర్థం కనిపించదు. కొలిచే పని యంత్రానికి పోతే పోనీ.

ఆ కొలత సైతం పూర్తిగా పోలేదనుకోండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో ఆ దేశంలోని న్యూమెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర చంద్రోదయాన్ని తీసిన సందర్భం మా వృత్తిలో అందరికీ తెలిసినదే. 8 అంగుళాలు, 10 అంగుళాల ఫిల్ము పట్టే భారీ కెమెరాను హడావుడిగా నిలబెట్టారు గానీ, వెలుతురు కొలిచే మీటర్ చేతికి దొరకలేదు. శ్మశానంలోని శిలువల మీద పడుతున్న చివరి ఎండ ఏ క్షణానైనా ఆరిపోయేలా ఉంది. చంద్రుడి కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు గుర్తుంది. దాని మీద లెక్క కట్టి ఒక ఫ్రేము తీశారు. రెండోది తీద్దామని ఫిల్ము తిప్పేలోగా శిలువల మీద ఎండ పోయింది. నేలనూ ఆకాశాన్నీ కలిపి సగటు చూసే మీటర్ ఆయన చేతికి దొరికి, దాన్నే నమ్ముకుని ఉంటే, చీకటి నేల ప్రభావంతో చంద్రుడు వివరాలు లేని తెల్లటి బిళ్లగా మిగిలే అవకాశమే ఎక్కువ. అయితే ఆ బొమ్మలోని సన్నని వివరాలకు ఆ భారీ కెమెరాయే కారణం. ఆయన పరికరాల పట్ల ఏనాడూ నిర్లక్ష్యం చూపలేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి డార్క్‌రూమ్‌లో ఆ నెగెటివ్‌తో కుస్తీ పట్టి, ఆకాశాన్ని అంతకంతకూ నల్లబరుస్తూ ప్రింట్లు తీశారు కూడా.

యంత్రానికి ఇంకా చేతకాని రెండో పనికి నేను తరగతిలో చెప్పే ఉదాహరణ అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంజ్ అనే ఆమెది. 1936లో కాలిఫోర్నియాలో నెల రోజుల పని ముగించుకుని, వర్షంలో ఇంటికి కారు నడుపుతూ, బఠానీ కోసే కూలీల శిబిరం అని రాసి ఉన్న పలకను దాటి వెళ్లిపోయారు. తన దగ్గర ఇలాంటి బొమ్మలు చాలానే ఉన్నాయి కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంటూ, 20 మైళ్లు వెళ్లాక కారు వెనక్కి తిప్పారని ఆమే తరువాత రాశారు. అక్కడ పిల్లలతో కూర్చున్న తల్లిని గ్రాఫ్లెక్స్ కెమెరాతో తీస్తూ, ఒక్కో ఫ్రేముకూ దగ్గరకు జరుగుతూ పోయారు. గుడారం, సామాన్లు, చుట్టూ ఉన్న నేల ఒక్కొక్కటే ఫ్రేములోంచి తప్పుకోగా, చివరకు తల్లి ముఖం, గడ్డానికి ఆనించిన చెయ్యి, మొహాలు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ మిగిలారు. ఆ బొమ్మ కింద గ్రాఫ్లెక్స్ అని రాస్తే తప్పేమీ కాదు. కానీ ఆ 20 మైళ్ల సంగతి తెలిసినవారికి, ఆ మాట ఎంత చిన్నదో తెలుస్తుంది.

నా సొంత అనుభవం ఒకటి రాయకపోతే ఇది ఇతరులకు బుద్ధులు చెప్పడంగా మిగిలిపోతుంది. సెకనుకు ఇరవై ఫ్రేములు తీసే కెమెరా కొత్తగా కొన్న ఉత్సాహంలో, పైన చెప్పినటువంటి ఒక నృత్య ప్రదర్శనకు వెళ్లాను. గంటన్నరలో మూడు వేలకు పైగా ఫ్రేములు తీశాను. వేలు బటన్ మీది నుంచి తీయలేదు గనుక, కన్ను నృత్యం మీద నిలవలేదు. నా పక్కన నాకంటే వయసులో పెద్దాయన ఒకరు, ఎఫ్ 5.6 లెన్సు ఉన్న పాత కెమెరాతో మొత్తం కలిపి నలభై సార్లు కూడా నొక్కి ఉండరు. నా దగ్గర వేళ్లు విడివిడిగా కనబడే ఫ్రేములు వందల్లో ఉన్నాయి. వాటిలో పాదం సగం లేచినవి, మెడ అర్ధంతరంగా తిరిగినవి, కళ్లు మూతపడినవి. ఆయన బొమ్మల్లో నర్తకి ఎగిరి గాలిలో ఉంది, ముఖం స్పష్టంగా ఉంది. 60వ వంతులో అదెలా సాధ్యమైందని అడిగాను. పైకి ఎగిరిన ఏ వస్తువైనా కిందికి దిగడానికి ముందు శిఖరం దగ్గర లిప్తపాటు నిలుస్తుందని, ఆ నిలకడ ఏ చరణం చివర వస్తుందో ముందురోజు అభ్యాసానికి వచ్చి చూసుకున్నానని చెప్పారు. భౌతికశాస్త్రం గీసిన హద్దును ఆయన దాటలేదు, దాని లోపల ఖాళీ ఎక్కడుందో కనుక్కున్నారు. అక్కడికీ ఆయన బొమ్మల్లో చేతివేళ్లు కొన్నిచోట్ల చెదిరే ఉన్నాయి. నా లెన్సు తనకు ఉంటే బాగుండేదని ఆయనే దాపరికం లేకుండా అన్నారు.

పక్షుల బొమ్మలు తీసేవారిని అడిగినా ఇలాంటి మాటే వినిపిస్తుంది. పక్షి సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి, గాలి మన వీపు వైపు నుంచి వీచేటట్టు నిలబడితే అది మనవైపు ముఖం పెట్టి ఎగురుతుంది. పొడవాటి లెన్సు లేనిదే ఆ బొమ్మ రాదు. ఈ సంగతి తెలియకపోతే అదే లెన్సులో పక్షి తోక మాత్రమే వస్తుంది.

ఇక నా విన్నపం. బొమ్మల కింద కెమెరా పేరు, లెన్సు పేరు, అంకెలు కలిపి మీరు ఇప్పుడు రెండు పంక్తులు వాడుతున్నారు. ఆ రెండు పంక్తుల్లోనే, తీసిన వేళ, వెలుతురు ఏ వైపు నుంచి వచ్చింది, తీసినవారు ఎంత దూరంలో నిలబడ్డారు, ఎంతసేపు ఆగి ఎన్ని ఫ్రేములు తీశారు అన్నవి వేయగలరేమో ఆలోచించండి. పక్షి, నీటి బిందువు, రాత్రి ఆకాశం వంటి బొమ్మలకు పరికరం లేనిదే పని జరగదు గనుక, వాటికి లెన్సు పేరు కూడా ఉండనివ్వండి. అక్కడ దాన్ని దాచడం కొత్తవారిని తప్పుదారి పట్టించడమే అవుతుంది. పాఠకులు బొమ్మతో పాటు పంపే వివరాల పత్రంలో కెమెరా పేరుకు ఉన్న గడి పక్కనే "ఈ బొమ్మ ఎలా తీశారు?" అని మరొక గడి చేరిస్తే, పేజీ కూర్చేవారికి అదనపు శ్రమ ఉండదు. వంతెన బొమ్మ తీసినవారి నుంచి ఇప్పటికైనా ఆ నాలుగు మాటలు తెప్పించి వచ్చే సంచికలో వేయగలిగితే, దాన్ని కత్తిరించి తరగతి గది గోడకు అంటిస్తాను. ఆ విద్యార్థి ఇంకా కెమెరా కొనలేదు.

ఇట్లు,
ఫొటోగ్రఫీ నేర్పే ఒక పాఠకుడు